కుట్లకి వదిలే అంగుళంపై దండయాత్ర

చెవులున్నవాళ్లు కూర్చుని వినండి, తీరిక లేనివాళ్లు నిలబడే వినండి. సహస్రకిరణుడు ఎదురింటి నీళ్ల ట్యాంకు శిఖరాన్ని అధిరోహించి, ఆరేసిన దుప్పట్ల మీదుగా స్వర్ణశరపరంపరను కురిపిస్తున్న వేళ, రెండు కుట్టు మిషన్లూ ఒక ఇస్త్రీబల్లా ఆక్రమించుకోగా మనుషులకు మిగిలిన ముందుగదిలో, కత్తిరించిన గుడ్డముక్కలు రణభూమిలో తెగిపడిన పతాకాల్లా చెల్లాచెదురై ఉండగా, గగనమార్గనియంత్రణకాంక్షిణి, గుణకారభాగహారధురంధర, ఇరవై రెండేళ్ల టైలరమ్మ కూతురు కంప్యూటరు ముందు తల వంచుకుని కూర్చుంది. తెర మీద పదమూడు అని ఉంది. కావలసింది ఇరవై నాలుగు.

నేల మీద కూర్చుని విమానాలకు దారి చెప్పే ఉద్యోగం ఆమె కోరింది. ఆ ఉద్యోగానికి పరీక్ష ఉంది. ఆ పరీక్షకు పిలవాలంటే ముందు ఇంట్లో కూర్చుని రాసే ఇంకో పరీక్ష ఉంది. జల్లెడ మీద జల్లెడ పెట్టి మనుషుల్ని వడగట్టడం ఆఫీసులకు పుట్టుకతో వచ్చిన విద్య. నలభై ప్రశ్నలు. ఒక్కసారే చెవిలో వినిపిస్తాయి. ప్రశ్నకు పదిహేను సెకన్లు. కాగితం, కలం నిషిద్ధం. జన్మకు మూడే ప్రయత్నాలు. మొదటిసారి పదకొండు వచ్చాయి, ఈసారి పదమూడు. మూడోది వచ్చే సోమవారం పదకొండు గంటలకు. అదీ పోతే ఇక ఆమెకు ఆకాశంతో పని, బట్టలారేసేటప్పుడు మబ్బు పట్టిందా లేదా అని చూసుకునే మేరకే.

విడ్డూరమేమిటంటే, కాగితం మీద పెడితే ఆ పిల్లకు ఎదురులేదు. లిఫ్టులు బాగుచేసే అన్న ఎన్ని లెక్కలిచ్చినా టీ చల్లారేలోగా చేసి పడేసేది. చెవిలో పడితేనే సర్వనాశనం. నీకు చెవినుంచి బుర్రకెళ్లే వైరు తెగిందేమో, విప్పి చూస్తానని అన్న స్క్రూడ్రైవరు పట్టుకొచ్చాడు. ఆమె ఇస్త్రీపెట్టె ఎత్తింది. అంతటితో వైద్యం ముగిసింది.

అప్పుడు లేచింది తల్లి. కర్తరీధారిణి, సూచీముఖసంగ్రామవిశారద, పెదాల మధ్య నాలుగు గుండుసూదులు పట్టుకుని కూడా వీధిలో అందరితోనూ మాట్లాడగల ఆ మహాతల్లి, తెర మీద తప్పుల పట్టికను కొత్త గుడ్డను చూసినట్టు అడ్డంగా, నిలువుగా చూసింది. గంటకు నాలుగు వందల ఎనభై మైళ్లు పోయే విమానం అరవై నాలుగు మైళ్లు ఎంతసేపట్లో పోతుంది? ఎనిమిది నిమిషాలు. కూతురు తొమ్మిదంది. ముప్పై ఆరు వేల అడుగుల నుంచి ఇరవై వేలకు, నిమిషానికి రెండు వేల చొప్పున దిగడానికి? మళ్లీ ఎనిమిదే. కూతురు మళ్లీ తొమ్మిదే అంది. సరైన పదమూడూ అంకెలతో పనిలేనివి, ఎడమకా కుడికా, అవునా కాదా అనేవి. తల్లి సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది.

"అన్నిటికీ ఒకటి ఎక్కువేసిందిరా ఇది. కుట్లకి వదిలింది."

ఎనిమిదో ఏటినుంచీ ఆ పిల్ల పని అదే. తల్లి టేపు పట్టి ఛాతీ ముప్పై నాలుగు అని పిలిస్తే, కుట్లలోకి పోయే అంగుళం కలిపి పుస్తకంలో ముప్పై ఐదు రాయాలి. చెవిన పడ్డ అంకె చేతికి చేరేలోగా ఒకటి పెరగాలి.

"విమానానికి కుట్లెక్కడుంటాయే" అన్నాడు అన్న, నవ్వు ఆపుకోలేక.

"నవ్వకు. ఆ ఒకటి వదలబట్టే ఈ వీధిలో ఇంతవరకూ ఒక్క చొక్కా చిరగలేదు."

శత్రువు దొరికాడు. పేరు ఒకటి. అంకెల్లో అందరికన్నా పొట్టివాడు, పొగరులో అందరికన్నా పొడుగు. ఆ దురాత్ముడు ఆమె కుడిచేతి వేలికొన మీద సింహాసనం వేసుకుని ఇలా గర్జించినట్టు ఆమెకు వినిపించింది: "ఓసీ బాలికా! చతుర్దశవర్షాలుగా నీ హస్తాన్ని ఏలుతున్న సార్వభౌముణ్ణి నేను! మహామహుల ఉదరాలు నా దయవల్ల గుండీలకు లొంగి ఉన్నాయి! నన్ను విడిచి నువ్వు ఏ అంకెను ఒంటరిగా నిలబెట్టగలవో చూస్తాను!"

ఆరు రోజులు సాగింది సాధన. తల్లి అంకెలు పిలుస్తానంది గాని, రెండు పూటలకే పనికిరాకుండా పోయింది. జవాబు సరిచూడాల్సిన మనిషి తనే ఒకటి కలిపి, కూతురు సరిగ్గా చెప్పినవి తప్పని కొట్టేసింది. దాంతో అన్న లిఫ్టు గుంతల్లోంచి ఫోన్ చేసి అంకెలు విసిరాడు. ఆమె కూర తరుగుతూ, గుండీలు కుడుతూ, మెట్లెక్కుతూ, ఉన్నదున్నట్టు తిప్పికొట్టింది. గురువారానికి చెయ్యి దారికొచ్చింది. శుక్రవారం పోస్టాఫీసు గుమాస్తా చొక్కా తొడుక్కుని, ఊపిరి పీల్చి, వీపు మీద నిలువునా చీల్చుకున్నాడు. ఆ కొలత ఎవరు రాశారో అడగక్కర్లేకపోయింది. వీధిలో మొదటి చినుగు. తల్లి తన గుడ్డతో కొత్తది కుట్టిచ్చి, కూతురివైపు చూడకుండానే అంది:

"పరీక్షయ్యేదాకా నా పుస్తకం ముట్టుకున్నావంటే వేళ్లు కలిపి కుట్టేస్తాను."

అలా అటు పుస్తకానికీ, ఇటు పరీక్షకూ కాకుండా పోతానేమోనని ఆ రెండు రోజులూ పిల్ల సరిగ్గా అన్నం తినలేదు.

సోమవారం పదకొండయింది. అన్న వీధి తలుపు మూశాడు, తల్లి మిషను మీద చెయ్యి కూడా వెయ్యలేదు. చెవుల్లో ప్రశ్నాస్త్రాలు మొదలయ్యాయి. వేగబాణం వచ్చింది, విరిచింది. దూరశూలం వచ్చింది, వంచింది. కొన్ని తగలనే తగిలాయి. పదిహేనో ప్రశ్న దాటింది, ముప్పయ్యోది దాటింది. ప్రతి జవాబు వెనకా ఆ పొట్టివాడు గోడచాటున పొంచి ఉండడం, ప్రతిసారీ ఆమె బొటనవేలు బల్లకు అదిమిపెట్టి వాణ్ణి నొక్కేయడం. నలభయ్యోది: గంటకు ఐదు వందల నలభై మైళ్లు, పోవలసిన దూరం మూడు వందల ఇరవై నాలుగు. నిమిషానికి తొమ్మిది. తొమ్మిదితో భాగిస్తే...

ముప్పై ఆరు. అయ్యో, ముప్పై ఆరు! వీధిలో సగం మగవాళ్ల ఛాతీ అది. పద్నాలుగేళ్లలో ఏ అంకెనూ అన్నిసార్లు వినలేదు, ఏ అంకెకూ అన్నిసార్లు ఒకటి కలపలేదు. వేలు తనంతట తనే వెళ్లి ముప్పై ఏడు కొట్టేసింది. మూడు సెకన్లున్నాయి. దురాత్ముడు జయభేరి మోగించబోయాడు. రెండు. ఆమె వెనక్కి నొక్కింది, ఏడు చెరిగింది. ఒకటి. ఆరు కొట్టింది.

తెర చాలాసేపు ఆలోచించింది. తర్వాత ఇరవై నాలుగు అని చూపించింది.

తల్లి కళ్లజోడు పెట్టుకుని చదివింది, తీసి మళ్లీ చదివింది. "పట్టేసినట్టు సరిపోయిందే" అంది. బిగుతైన బట్టను తిట్టడానికి వాడే ఆ మాటను ఇన్నేళ్లలో ఆమె మెచ్చుకోలుగా వాడడం అదే మొదలు.

కావున సమస్తజనులారా, దిక్పాలకులారా, విమానాల్లో కిటికీ పక్క సీటు కోసం తగవులాడేవారలారా, తెలుసుకోండి! ఆ ఏకాంకాసురమర్దిని, దుర్నివారహస్తవాసనావిజేత్రి, తన భుజబలంతో, కాదు, వేలిబలంతో, వచ్చే నెల పన్నెండో తేదీన, ఊరవతల ఒకానొక హాల్లో, నూట పదిహేడో నంబరు కుర్చీ మీద గంటన్నరసేపు కూర్చుని ఇంకో పరీక్ష రాసే సంపూర్ణ సర్వాధికారాన్ని జయించి సాధించింది! మంచినీళ్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలట.