రెండు తలుపుల ఎర్ర బండి

రాఘవేందర్ బుద్ధెరిగాక ఇంత గొప్ప పథకం ఎన్నడూ వేయలేదు. శంషాబాద్ విమానాశ్రయంలో సరుకులు ఎక్కించే చోట అతను సూపర్‌వైజరు. అక్కడి ఇంజనీరొకాయన ఊరు మారిపోతూ తన ఎర్ర కారును అమ్మకానికి పెట్టాడు. పాతది కాబట్టి చవక. రెండే తలుపులు, వెనక్కి వాలిన కప్పు, నేలను రాసుకుపోయేంత పొట్టి. దాన్ని చూడగానే రాఘవేందర్‌కు వయసు ఇరవై ఏళ్ళు దిగిపోయింది.

"కూపే అంటరు దీన్ని," అన్నాడు భార్య సుమలతతో.

"రైల్ల ఉంటది గదా కూపే? తలుపేసుకొని పండుకోవచ్చు."

"దీంట్ల పండుకోరు. ఉరికిస్తరు."

"అయితే నేనే ఉరికిస్త. పాల్మాకుల బడిల పాఠాలు చెప్పనీకి రోజూ షేర్ ఆటోల సగం లోపల, సగం బయట పోతున్న. లైసెన్సొచ్చి ఏడాదైంది."

"గిది స్పోర్ట్స్ బండి. నీతోని కాదు. లైసెన్సు బీరువాల మంచిగున్నది, ఉండనీ."

సుమలత బీరువా తెరిచి లైసెన్సు తీసి సంచిలో వేసుకుంది. ఆమె అంత తేలిగ్గా వదలదని రాఘవేందర్‌కు తెలుసు. అందుకే పథకం వేశాడు. ఆ ఇంట్లో ఏది కొన్నా అతని తల్లి శివమ్మదే చివరి మాట. కన్నకొడుకు ముచ్చటపడితే ఆమె కాదంటుందా? 'కొడుకే తోలాలె' అని ఆమె నోటితో అనిపిస్తే చాలు. ఆదివారం పొద్దున్నే ఇద్దరినీ వెంటబెట్టుకుని ఇంజనీరు ఇంటికి వెళ్ళాడు.

శివమ్మ నలభై ఏళ్ళు సంతల్లో ఎడ్లూ ఆవులూ కొన్న మనిషి. కారు చుట్టూ మూడుసార్లు తిరిగింది. వీపు మీద చరిచింది. వంగి కిందికి చూసింది.

"పొట్ట కిందికి జారింది. సూడిదా ఏంది?"

"అమ్మా, గది స్టైలు!"

"పండ్లు చూపియ్యమను, వయసెంతో చూస్త."

ఇంజనీరు పాపం నోరెళ్ళబెట్టి, బానెట్ ఎత్తి చూపించాడు. శివమ్మ తలూపింది.

"ఇగ నడిపి చూస్త," అని రాఘవేందర్ తాళంచెవి అందుకోబోయాడు. తల్లి ఆ చేతి మీద ఒక్కటేసింది.

"మనసు పడ్డోనికి పగ్గం ఇయ్యరాదురా. ఎద్దు కుంటుతున్నా ఆనికి కనవడదు. మీ బాపుకు గూడ నేను ఎన్నడియ్యలే. నువ్వు ఎనక కూసో. కోడలు తోలుతది."

రాఘవేందర్ పథకం తిరగబడింది. ముందు సీటు వంచి అతన్ని వెనక కూర్చోబెట్టారు. కూర్చోబెట్టడమేమిటి, కుక్కారు. తల కప్పుకు ఆనింది, మోకాళ్ళు గడ్డానికి ఆనాయి. వంచిన సీటు మళ్ళీ నిటారుగా నిలబడింది. వెనకున్న వాడికి తలుపే లేదన్న సంగతి అతనికి అప్పుడు తట్టింది.

సుమలత కొంగు దోపుకుంది, అద్దం సర్దుకుంది, కుదుపన్నది లేకుండా బండిని కదిలించింది. విమానాశ్రయం రోడ్డు నున్నగా, ఖాళీగా ఉంది. గేర్లు వెన్నలా మారుతున్నాయి.

"జర మెల్లగ!" వెనకనుంచి కేక.

"గట్టిగ పట్టుకో."

"పట్టుకోనీకి నా మోకాళ్ళు తప్ప ఏమున్నదే?"

అంతలో పక్కనుంచి ఒక విమానం పైకి లేచింది. శివమ్మ అద్దం దించింది. నెరిసిన జుట్టు గాలికి చెదిరిపోయింది.

"దాన్ని దాటెయ్యి బిడ్డా!"

సుమలత పకపకా నవ్వింది. ఏడాదిగా బీరువాలో పడి ఉన్న సంతోషమంతా ఒక్కసారి బయటికొచ్చినట్టుంది ఆమెకు. విమానాన్ని దాటలేదు కానీ, దాటినంత గర్వంగా బండిని తిప్పుకొచ్చి ఇంజనీరు వాకిట్లో ఆపింది.

శివమ్మ దిగి తీర్పు చెప్పింది. "మంచి బండి. కోడలి మాట వింటున్నది. తీస్కుందాం."

"తీస్కుందాంగని, ముందు సీటు వంచమ్మా! కాళ్ళు తిమ్మిరెక్కినయి."

"జర ఆగు అత్తమ్మా," అని సుమలత వెనక్కి తిరిగింది. "సోమవారం పాల్మాకులకు ఎవరు తోలుతరు?"

"నేనే దింపుత."

సీటు కదల్లేదు.

"సరే, నువ్వే తోలు."

"మంగళవారం?"

"నువ్వే."

ఒక్కో రోజే అడుగుతూ శనివారం దాకా వచ్చేసరికి రాఘవేందర్‌కు నడుము కింద ఒళ్ళుందో లేదో తెలియడం లేదు.

"ఆదివారమన్న నాకియ్యవే!" అని బతిమాలాడు.

సుమలతకు జాలేసింది. సరే పొమ్మనబోయింది. అప్పటికే శివమ్మ చెప్పులు విడిచి, కొంగు నడుముకు బిగించి, డ్రైవర్ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఆదివారం కుదరదు. కోడలు నాకు నేర్పుతది."