పరుపు గోడకెక్కిన ఆదివారం

ఆ ఆదివారం ఉదయం, హిందీ మాట్లాడే స్టీల్ ప్లాంటు ఊళ్లో క్యాంప్ 1 అనే పేటలోని ఆ ఇంట్లో ఉన్నది అయిదుగురు. వసారాలో నేల మీద చాప వేసుకుని పడుకున్న నూకరాజు తాత. పెరట్లో బియ్యం కడుగుతున్న ఆయన భార్య గున్నమ్మ. నడిమి గదిలో వాళ్ల మనవరాలు వందన, మనవడు మనోజ్‌కుమార్, ప్లాంటు క్వార్టర్లుండే సెక్టార్ వైపు నుంచి గిటారు మోసుకొచ్చిన వందన క్లాస్‌మేట్ కౌండిన్య. పిల్లల తండ్రి సూర్యారావు మొదటి షిఫ్టుకి స్టీల్ ప్లాంటుకి వెళ్లాడు. తల్లి సత్యవాణి చెల్లెలి సీమంతానికి రాయపూర్ వెళ్లింది. ఆమె ఇంట్లో ఉంటే ఇదంతా జరిగేదే కాదని తర్వాత అందరూ తలా ఒకసారి అన్నారు. ఆమె మాత్రం చాలాసార్లు అంది.

నడిమి గదిలోని ముగ్గురూ కలిస్తే ఒక పంక్ రాక్ బ్యాండ్. పేరు 'జనరల్ షిఫ్ట్'. వందన పాడుతుంది, అంటే అరుస్తుంది. కౌండిన్య గిటారు, మనోజ్ డ్రమ్స్. వాళ్ల మొదటి ఆల్బమ్ పేరు 'అందర్ ఆనా మనా హై'. లోపలికి రాకూడదని ప్లాంటులో బోర్డులుంటాయి కదా, అక్కడి నుంచి తీసుకున్నారు. వందన ఆ పేరును ఎర్ర రంగుతో పోస్టరు మీద రాసి గది తలుపుకి అంటించింది కూడా. ఇంకా ఒక్క పాటే మిగిలింది. ఆ రోజు దాన్ని పూర్తి చేసి ఆల్బమ్‌ని నెట్‌లో విడుదల చేయాలి. చేయకపోతే ఏమవుతుందో సూర్యారావు డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో నిలబడి చెప్పాడు.

"ఏడాది నుంచి వస్తాది వస్తాదని వింటన్నాను. నాను డ్యూటీ దిగొచ్చీసరికి మీ పాటలు బయటికొచ్చినాయా, సరే. లేదంటే రేపు పొద్దున్నే ఆ డ్రమ్ములు పవర్ హౌస్ బజార్లో పాత సామాన్ల కబాడీవోడికిచ్చెస్తాను."

మనోజ్ ఆ మాట విని పెద్ద డ్రమ్ముని ఒకసారి నిమిరాడు.

బయటి చప్పుడు లోపలికి రాకూడదని కౌండిన్య ఇంట్లోని బొంతలన్నీ గోడలకి వేలాడదీయించాడు. అవి చాలలేదు. అప్పుడు తాత పరుపు గోడకెక్కింది. తాత మంచం కిటికీకి అడ్డంగా నిలబడింది. తాతకి నేల మిగిలింది.

నూకరాజు ఏమీ అనుకోలేదు. ఆయన ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరైన మనిషి. "మా బ్లోయరు బేరింగు పోయినప్పుడు అచ్చం ఇలగే ఉండీది," అని బ్యాండుని మెచ్చుకుని, చెవుల్లో దూది పెట్టుకున్నాడు. ఎండ కళ్లలో పడకుండా తల దక్షిణానికి తిప్పుకుని, పక్కన పొడుగు బాలీసు వేసుకుని, తెల్ల పంచె తలమీదుగా కప్పుకున్నాడు. దోమలు కుడతాయని గున్నమ్మ ఆయన తల దగ్గర ఒక దోమల అగరొత్తి వెలిగించి వెళ్లింది.

లోపల ఆఖరి పాట మాటల్లేని ఒక పొడుగాటి అరుపుతో మొదలవ్వాలి. వందన అరిచింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న కౌండిన్య పెదవి విరిచాడు.

"దమ్ నహీ హై యార్. ఇంట్లో ఎవరో నిజంగా పోయినట్టుండాలి."

వందన మళ్లీ అరిచింది. ఈసారి వీధిలో కుక్క లేచి వెళ్లిపోయింది. కౌండిన్యకి అదీ నచ్చలేదు. రెండో మైకు తీసుకెళ్లి వసారా కిటికీ ఊచకి కట్టి వచ్చాడు. అరుపు దూరం నుంచి కూడా వినబడాలన్నాడు.

"మరి పరుపు ఎందుకు కట్టాం?" అంది వందన.

"అది వేరే సైన్స్," అని కౌండిన్య తలుపు మూశాడు.

వందన మూడోసారి అరిచింది. సరిగ్గా ఆ అరుపుకే ఎదురింటి చిన్నమ్మలు పాల ప్యాకెట్లతో అటుగా వచ్చింది. లోపల ఆడపిల్ల గుండెలు పగిలేలా అరుస్తోంది. వసారాలో పెద్దాయన నేల మీద ఉన్నాడు. తల దక్షిణానికి ఉంది. ముఖం మీద తెల్ల గుడ్డ, తల దగ్గర అగరొత్తి. ఇంక చూడాల్సిందేముంది? చావింటి ముందు నిలబడి ఎవరు పోయారు, ఎలా పోయారు అని అడగడం వాళ్ల వైపు పద్ధతి కాదు. ముందు పట్టుకుని ఏడవాలి, అడగడాలు ఏవైనా ఉంటే తర్వాత. ఒంటరిగా ఏడవడం కూడా బాగుండదు కాబట్టి ఆమె ముందు ఇంటికెళ్లి తెలుగు సంఘం కార్యదర్శి రామమోహనరావుకి ఫోన్ చేసింది. క్యాంపులో తెలుగువాళ్లెవరు పోయినా వెదురు బొంగుల నుంచి వీడ్కోలు ఉపన్యాసం దాకా చూసుకునేది ఆయనే. ఎప్పుడూ ఆలస్యం చేయడని పేరుంది.

ఆమె ఫోన్లో ఉండగా నూకరాజు లేచాడు. టీ తాగాలనిపించి, కప్పుకున్న పంచెని మనిషి ఉన్నట్టే బాలీసు మీద వదిలేసి, పక్క సందులోంచి టీ బండి వైపు వెళ్లాడు.

చిన్నమ్మలు నలుగురు ఆడవాళ్లని వెంటబెట్టుకుని వచ్చేసరికి గున్నమ్మ తడి చేతులతో వసారాలోకి వచ్చింది. చిన్నమ్మలు ఆమె మెడ పట్టుకుని "ఓలమ్మో, ఎంత పనైపోనాదే వదినా!" అని భోరుమంది.

గున్నమ్మ ఇంకోలా అర్థం చేసుకుంది. చిన్నమ్మలు తమ్ముడు నెల్లాళ్లుగా ఆస్పత్రిలో ఉన్నాడు. పాపం, పోయాడన్నమాట. ఆమె కూడా అడగలేదు. తడి చేతులు చీరకి తుడుచుకుని అందుకుంది. గున్నమ్మ ఏడుపుకి క్యాంపులో పేరుంది. ఎత్తుకుంటే వీధి మలుపు దాకా వినబడుతుంది, మధ్యలో ఊపిరి తీసుకున్నట్టు కూడా తెలియదు.

కాసేపటికి ఆమెకి మొగుడి నిద్ర గుర్తొచ్చి, చాప వైపు చూపిస్తూ, "కొంచెం నెమ్మదిగా ఏడవండే, ఆయన నిద్రపోతన్నారు," అంది.

ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. "పాపం, మతి చెదిరిపోనాది," అని చిన్నమ్మలు గొంతు రెట్టింపు చేసింది. మిగతా నలుగురూ కలిశారు.

రామమోహనరావు ఆటోలో వెదురు బొంగులు, కొబ్బరి తాళ్లు, ఒక బంతిపూల దండ తెచ్చాడు. అప్పటికే సంఘం గ్రూపులో నూకరాజు ఫొటో పెట్టేశాడు. ప్లాంటులో సూర్యారావుకి నెమ్మదిగా చెప్పమని ఒకరిని పురమాయించాడు. మగవాళ్లు వీధిలో బెంచీల మీద తలలు దించుకుని కూర్చున్నారు.

నూకరాజు టీ తాగి తిరిగొచ్చేసరికి ఇంటిముందు జనం. గున్నమ్మ గొంతు వినబడుతోంది కాబట్టి ఆమె బాగానే ఉంది. పోయింది ఇంకెవరో. ఆయన కూడా ఆ పద్ధతిలో పెరిగినవాడే. ఎవరినీ అడగలేదు. తువ్వాలు భుజాన వేసుకుని వెనక బెంచీలో కూర్చున్నాడు. దించిన తలలేవీ లేవలేదు. ఒకాయన జరిగి చోటిచ్చాడు.

ఊరికే కూర్చోబుద్ధి కాక కాసేపటికి ఆయన బొంగుల దగ్గరికి వెళ్లాడు.

"ఈ ముడి జారిపోద్ది బాబూ. మధ్యదారిలో పడిపోతే ఆ పెద్దమనిషి పరువేటవుద్ది?"

"నిజమే నూకరాజు గారూ, మీరే కాస్త బిగించండి," అని రామమోహనరావు తాడు ఆయన చేతికిచ్చాడు.

నూకరాజు బిగించాడు. రామమోహనరావు కళ్లజోడు పెట్టుకుని ఉపన్యాసం కాగితం తీసి, మొదటి వాక్యంలో ఉన్న పేరు లోలోపల చదువుకున్నాడు. మళ్లీ చదువుకున్నాడు. తాడు బిగిస్తున్న మనిషిని చూశాడు. కాగితం చేతిలోంచి జారిపోయింది. ఆయన చూస్తున్న వైపు చిన్నమ్మలు కూడా తల తిప్పి నూకరాజుని చూసింది.

అప్పుడు ఆమె పెట్టిన కేక ముందు అరుపులన్నీ దిగదుడుపే. వెంటనే ఆడవాళ్లందరూ కలిసి కేక వేశారు. జరిగింది తెలియని గున్నమ్మ, ఇంకెవరో కూడా పోయారనుకుని, అందరికన్నా పైన ఎత్తుకుంది.

తలుపు లోపల, వందన కళ్లు మూసుకుని పోయిన గొంతుతోనే ఇరవయ్యోసారి నోరు తెరిచింది. వసారా మైకు మోసుకొచ్చిన కేకలు హెడ్‌ఫోన్స్‌లో విని కౌండిన్య ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు.

"వాహ్! ఓకే! నీ గొంతులో ఇంతమంది ఉన్నారని ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

వందనకి ఏమీ అర్థం కాలేదు, అడగడానికి గొంతూ లేదు. టైము దగ్గర పడిందని కౌండిన్య ఆ టేకునే పెట్టి, ఆల్బమ్ మొత్తాన్ని నెట్‌లోకి వదిలేశాడు. ముగ్గురూ చప్పట్లు కొట్టుకుని, సంబరంగా తలుపు తీశారు.

బయట పాడె కనిపించింది. పక్కన తాత ఉన్నాడు. అంతలో ప్లాంటు జీపు వచ్చి ఆగింది. హెల్మెట్టు కూడా తీయకుండా సూర్యారావు "నానా!" అని ఏడుస్తూ దూకి, జనాన్ని తోసుకొచ్చి, తండ్రికే గుద్దుకున్నాడు.

"ఏట్రా, నువ్వూ వచ్చినావా? ఇంతకీ ఎవలు పోయినారు?" అన్నాడు నూకరాజు. ఆ రోజంతటిలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే.

సంగతంతా బయటపడటానికి చాలాసేపు పట్టింది. పడ్డాక సూర్యారావు నేరుగా లోపలికి వెళ్లి పెద్ద డ్రమ్ము ఎత్తుకుని బయటికొచ్చాడు. వందన ఫోన్ చూపించి ఆల్బమ్ విడుదలైందని సైగ చేసింది.

"పాటలు బయటికి తెమ్మన్నాను గానీ మీ తాతని పాడె ఎక్కించమన్నానేటే?"

"అంకుల్, ఒక్కసారి వినండి," అని కౌండిన్య ఆఖరి పాట పెట్టాడు. ఏడవడానికి వచ్చిన జనం కదా, ఓపిగ్గా విన్నారు. ఏడుపు మొదలైంది, పెరిగింది, వీధిని నింపేసింది. కింద డ్రమ్స్ మోగుతున్నాయి.

గున్నమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "ఒలే, అది నా గొంతే! దించరా ఆ డ్రమ్ము. నా ఏడుపున్న పాట ఇది. కబాడీవోడికి అమ్మెస్తావేట్రా?"

సూర్యారావు దించాడు. తల్లి మాటకి ఎదురు చెప్పి ఆయనకి అలవాటు లేదు. మనోజ్ చటుక్కున దాన్ని లోపలికి లాక్కుపోయాడు. దండ వెనక్కి తీసుకెళ్లడం మంచిది కాదని రామమోహనరావు దాన్ని గిటారుకి వేశాడు.

చిన్నమ్మలు ముఖం మాత్రం చిన్నబోయింది. "ముందు మొదలెట్టింది నానైతే, పాటలో అంతా వదినదే వినబడతన్నాది. నాదేది?"

"మీరు మైకుకి దూరంగా ఉన్నారాంటీ. ఇంకోసారి తీస్తే సరిగ్గా వస్తుంది," అన్నాడు కౌండిన్య.

"అయితే తియ్యి. రండే!"

ఆడవాళ్లు చెప్పులు వదిలి ఒకరి వెనక ఒకరు నడిమి గదిలోకి నడిచారు. సూర్యారావు హెల్మెట్టు తీసి తండ్రి పక్కన కూర్చుని చెయ్యి చాపాడు. నూకరాజు ఒక చెవి దూది తీసి కొడుక్కిచ్చాడు. వందన పరుగున వెళ్లి గుమ్మం దగ్గర నిలబడి, తన గొంతు వైపు, మైకు వైపు, మళ్లీ తన వైపు చూపించుకుంది.

"నీకింక గొంతెక్కడిదే గుంటా? ఉన్నా గానీ నీది ఉత్త అరుపే, ఏడుపు కాదు. బయట తాత దగ్గర కూకో," అని గున్నమ్మ తలుపు మూసేసింది.

తలుపు మీద 'అందర్ ఆనా మనా హై' అని ఉంది, కింద చిన్న అక్షరాల్లో 'పాడినది: వందన' అని కూడా ఉంది.