ముందు మెల్లగా వాయించండి

ఆ ఉదయం దర్జీగారు చేయాల్సిన పనులు రెండే. జుట్టు కత్తిరించుకోవాలి, ఇంటికి వచ్చి కాబోయే అల్లుడి కోటుకి గుండీలు కుట్టాలి. తెల్లారితే ఒక్కగానొక్క కూతురి పెళ్ళి. ఆ పిల్ల బట్టలడగలేదు, నగలడగలేదు. "నేను లోపలికి నడిచొస్తుంటే మనుషులు కూర్చుని వాయించాలి నాన్నా. స్పీకర్లో పాట పెడితే నేను అడుగు కూడా వెయ్యను," అంది. అడక్క అడక్క అడిగిన ఈ ఒక్కటీ జరగకపోతే ఎలాగని ఆయనకు వారం నుంచీ ఒకటే బెంగ.

సెలూన్ కుర్చీలో కూర్చుని మెడకి గుడ్డ కట్టించుకున్నారో లేదో, ఫోను మోగింది.

"ఆఁ, చెప్పండి మేస్టారూ! మీవాళ్ళు ఎంతమంది?... నలుగురా? చాలు చాలు. పెళ్ళికొడుకు గుమ్మంలో కాలు పెట్టగానే మొదలెట్టెయ్యండి... అబ్బే, గట్టిగా వద్దు, జనం బెదిరిపోతారు. ముందు మెల్లగా వాయించండి, అమ్మాయి వచ్చే వేళకి జోరు పెంచండి... కర్రలతో వాయించేవాడు కూడా ఉన్నాడా? తీసుకురండి! అందరికీ కళ్ళనీళ్ళు రావాలండీ, నాకంతే కావాలి."

అవతల మాట్లాడుతున్నది సంగీతం మేస్టారు. ఆ సంగతి తెలియనిది సెలూనాయనకొక్కడికే. ఆయన చేతిలో కత్తెర గాల్లో ఆగిపోయింది.

సెలూనాయన నోట్లో నువ్వుగింజ నానదు. మధ్యాహ్నం పెళ్ళికొడుకు గడ్డం గీయించుకోవడానికి వచ్చాడు. కళ్ళద్దాల దుకాణం నడుపుకునే నెమ్మదైన అబ్బాయి. ఒక చెంపకి నురగ పూసేసరికి విషయమంతా బయటపడింది.

"నిన్ను వాయించడానికి మీ మామగారు మనుషుల్ని మాట్లాడాడు బాబూ. నలుగురు. కర్రలు కూడా తెస్తారట."

అబ్బాయి నమ్మేశాడు. కోటు కొలతలు తీసుకున్న రోజు తను ఏమడిగినా మామగారు "ఊఁ" తప్ప ఇంకో మాట అనలేదు మరి. నోటినిండా గుండుసూదులు కరిచిపట్టుకున్న మనిషి అంతకంటే ఏమంటాడన్న ఆలోచన అతనికి రాలేదు. ఇంటికెళ్ళి అక్కకు చెప్పాడు. అక్క బావకు చెప్పేసరికి నలుగురు పదిమందయ్యారు, కర్రలు ఇనప కడ్డీలయ్యాయి.

"పెళ్ళి మానేద్దామా?" అన్నాడు బావ.

"మానను బావా. తన్నులు తినైనా తననే చేసుకుంటాను. కానీ ఈ సంగతి తనకి చెప్పొద్దు. నాన్నంటే ప్రాణం తనకి."

బావ కళ్ళు చెమర్చాయి. వెంటనే జిమ్ముకి బయల్దేరాడు.

మర్నాడు పెళ్ళికొడుకు కోటు లోపల రెండు స్వెట్టర్లు తొడుక్కుని హాలుకి వచ్చాడు. గుమ్మంలోనే గుండీ ఒకటి ఎగిరిపడింది. ఇన్నేళ్ళలో కొలత తప్పని దర్జీగారు గుడ్లురిమి అల్లుడి పొట్టకేసి చూశారు. అల్లుడు రెండడుగులు వెనక్కి వేశాడు.

అదే సమయానికి పెరటి గుమ్మంలో నలుగురు పెద్ద పెద్ద నల్ల పెట్టెలతో దిగారు. వాళ్ళకెదురుగా బావ, ఆయన వెనక ఆరుగురు కండలవాళ్ళు.

"ఎవరు మీరు?"

"వాయించడానికి వచ్చామండీ," అన్నాడు మేస్టారు నవ్వుతూ. "పెళ్ళికొడుకు వచ్చేశారా?"

పాపం, అంతకంటే మర్యాదగా ఎవరడుగుతారు! మరుక్షణం నలుగురూ పెట్టెలతో సహా సామాన్ల గదిలో ఉన్నారు. బావ గడియపెట్టి తలుపుకి వీపు ఆనించాడు.

పెళ్ళికూతురు హాలు గుమ్మంలో నిలబడింది. హాలంతా నిశ్శబ్దం. "ఏరి నాన్నా?" అంది. దర్జీగారు "వస్తామన్నారమ్మా... మాటిచ్చారమ్మా..." అంటూ వాయించేవాళ్ళ కోసం వేసిన ఖాళీ కుర్చీలకేసి చూశారు. కూతురు కళ్ళు తుడుచుకోవడం చూసి ఆయనకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

సామాన్ల గదిలో మేస్టారు గడియారం చూసుకున్నాడు. "వేళయింది. తలుపు తీస్తే తీశారు, లేకపోతే లేదు. మాటిచ్చాం, మొదలెట్టండి," అన్నాడు.

గోడ అవతల నుంచి వయొలిన్ వినిపించింది. దాని వెనకే వేణువు, వాటి కింద మెత్తగా డోలు. ఆ డోలు మోత వీపుకి తగిలి బావ ఉలిక్కిపడి తలుపు తీశాడు. పెళ్ళికూతురి మొహం విప్పారింది. అలంకరించిన వేదికను వదిలేసి, పాట ఎటు వినిపిస్తోందో అటే నడిచింది. జనమంతా ఆమె వెనకే.

పెళ్ళికొడుకు సిగ్గుతో చితికిపోయాడు. "మామగారూ, మీరు నన్ను వాయించడానికి మనుషుల్ని పెట్టారనుకున్నానండీ. అందుకే ఈ స్వెట్టర్లు..."

"స్వెట్టర్లా!" దర్జీగారు అల్లుణ్ణి అమాంతం కౌగిలించుకున్నారు. "నా కొలత తప్పలేదన్నమాట!"

"నాన్న మనుషుల్ని పెట్టడమెందుకు?" అంది పెళ్ళికూతురు, కాబోయే మొగుడి చెయ్యి పట్టుకుని. "ఆ పనికి నేను లేనూ?"

మేస్టారు చెప్పినట్టే అందరికీ కళ్ళనీళ్ళు తెప్పించాడు. గది మారితే శ్రుతి చెడుతుందని ఆయన లేవనన్నాడు, పాట వదిలి పెళ్ళికూతురు కదలనంది. పెళ్ళి అక్కడే జరిగిపోయింది.

ఫోటోలు బాగా వచ్చాయి, కానీ అన్నింట్లోనూ దంపతుల వెనక రెండు చీపుళ్ళు నిలబడి ఉన్నాయి.