పసుపు కోటు

నిప్పు, చక్రం తర్వాత మానవజాతి సాధించిన ఘనవిజయం మా తెల్లదోమ నివారణ కార్యాలయం. (మొదటి రెండింటికీ దరఖాస్తు అక్కర్లేకపోవడం పెద్ద లోపం.)

తెల్లదోమ ఎక్కడినుంచో వచ్చి, ఎవరి అనుమతీ అడక్కుండా ఆకుల కింద కాపురం పెట్టింది. రసం పీల్చి, పక్క మొక్కకి వైరస్ అంటించి పోతుంది. మా పిన్ని టమాటా తోటలో అప్పటికే రెండు వరసలు ఆకుముడత పట్టాయి. మిగతా పద్దెనిమిది పూత మీదున్నాయి. అవీ పోతే ఆ ఏడాదికి పిన్నికి ఇంకేమీ లేదు.

ఈ దోమకి పసుపు రంగంటే పిచ్చి. పసుపు అట్టకి జిగురు పూసి తోటలో నిలబెడితే వచ్చి అతుక్కుంటుంది. ఇంత సులువైన పని కాబట్టే దానికి అనుమతి కావాలి. పిన్ని ఫారం నింపింది. (దోమ వయసు తెలియనివారు 'సుమారు' అని రాయవచ్చు.)

పదిహేను రోజులకి పరిశీలకుడు వచ్చాడు. రైతులు దూరం నుంచే గుర్తుపట్టాలని కార్యాలయం ఆయనకి కొత్త కోటు ఇచ్చింది. పసుపుది. రైతులకంటే ముందు దోమలు గుర్తుపట్టాయి. అంతకుముందు చూసొచ్చిన మూడు తోటల దోమలూ ఆయన భుజాల మీదే ఉన్నాయి.

"అయ్యయ్యో, ఆగు బాబూ! వాటిని నా తోటలోకి మోసుకొస్తావా?" అంది పిన్ని గేటుకి అడ్డం నిలబడి.

"లోపలికొచ్చి చూడందే అనుమతి రాదమ్మా. అప్పటిదాకా అట్టలు ముట్టుకోకూడదు."

"అట్టలేగా? కోటుకి జిగురు పూయొచ్చా?"

ఆయన నిబంధనల పుస్తకం మొత్తం తిరగేశాడు. "కోటు ప్రస్తావన లేదమ్మా," అన్నాడు నిజాయితీగా. అంతలో ఓ దోమ ముక్కులో దూరింది. "పూసెయ్యండి తల్లీ, మీకు పుణ్యముంటుంది!"

పిన్ని డబ్బాడు జిగురు ఆయన వీపుకీ చేతులకీ పట్టించి, ముడత వరసల మధ్య స్టూలు వేసి కూర్చోబెట్టింది. పరిశీలన ఫారం నలభై పేజీలు. అది పూర్తయ్యేసరికి సాయంత్రమైంది, కోటు తెల్లబడింది. ఆయన మర్నాడూ వచ్చాడు. (అనుబంధ పత్రాలు.) వారం తిరిగేసరికి ఆకులు తిప్పి చూస్తే దోమ జాడే లేదు.

"ఒరేయ్, నా తోట నిలబడిందిరా!" అని పిన్ని ఫోన్‌లో అరిచిన అరుపుకి నాకు చెవులు గింగురుమన్నాయి. ఎంత సంతోషమేసిందో!

కార్యాలయం వెంటనే విచారణ జరిపింది. ఉద్యోగి ఒకరు రైతుకి ఉపయోగపడినట్టు నిర్ధారణ అయింది. ఇటువంటిది పునరావృతం కాకుండా కోట్ల రంగు మార్చారు.