నలభై ముగ్గురు ఉద్యోగార్థులు

గున్సాన్ పట్టణ ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, మీలో ఎవరి ముఖమూ మీ సొంతం కాదు. పాస్‌పోర్టు మొదలు పెళ్ళిసంబంధం దాకా మీరు ఎక్కడెక్కడ ఇచ్చుకున్న ముఖాలైనా మా తక్ ఫోటో స్టూడియోలో తయారైనవే. ఆ తక్‌ని నేనే.

మా కొరియాలో ముఖాన్ని ఉన్నదున్నట్టు బయటికి పంపడం మర్యాద కాదు. అందుకని నా కంప్యూటర్లో ‘ఉద్యోగం’ అని ఒక బటను తయారుచేసుకున్నాను. అది నొక్కితే ఫోల్డరులోని ఫోటోలన్నీ వరసగా వచ్చి, దవడలు చెక్కించుకుని, మచ్చలు కడిగించుకుని, కళ్ళు కాస్త పెద్దవి చేయించుకుని, నల్ల కోటు తొడుక్కుని, ఒకే కొలతకి కుదురుకుని వెళ్ళిపోతాయి. నేను ఓ కప్పు కాఫీ కలుపుకునేలోగా మూడువందల మంది నిరుద్యోగులు ఉద్యోగార్హులవుతారు. ఇంతటి మేధావి గున్సాన్‌లో పడి ఉన్నాడేమిటా అని నా మీద నాకే జాలేసేది.

పోయిన వసంతంలో వృద్ధుల సంఘం నుంచి పిలుపు వచ్చింది. చావుకు పెట్టే ఫోటో బతికుండగానే తీయించుకుంటే ఆయుష్షు పెరుగుతుందని మావాళ్ళ నమ్మకం. నలభై ముగ్గురు పెద్దలు పండగలకి కట్టే మా సంప్రదాయ పట్టు హాన్‌బోక్‌లు కట్టుకుని వచ్చి కూర్చున్నారు. తీశాను. స్టూడియోకి వచ్చి, కొలత మార్చే బటను నొక్కబోయి, అలవాటు చొప్పున ‘ఉద్యోగం’ నొక్కి కాఫీకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి తెర మీద నలభై ముగ్గురు ఉద్యోగార్థులు ఇంటర్వ్యూకి సిద్ధంగా ఉన్నారు. స్థలం కలిసొస్తుందని కొత్త ఫోటోలను పాతవాటి మీదే భద్రపరిచే ఏర్పాటు కూడా ఈ మేధావిదే. కెమెరా కార్డు అప్పటికే తుడిచేశాను. మర్నాడే ఫోటోల పంపిణీ సభ. నోరు మూసుకుని అచ్చువేశాను.

సభలో ఎవరూ నన్ను తిట్టలేదు. పైగా శాలువా కప్పారు. సంఘం అధ్యక్షులు ప్యో గారు తన ఫోటోని గుండెలకి హత్తుకుని ఉపన్యసించారు: “సోదర సోదరీమణులారా! ఈ ఒక్క కార్యక్రమంతో మన సంఘం సగటు వయసు యాభై ఏళ్ళు తగ్గింది. యువత ఊరు వదిలిపోతోందని ఏడ్చేవాళ్ళు ఇటు వచ్చి చూడండి!”

చప్పట్లు కొట్టనిది ఒక్క ఓక్‌బున్ మామ్మే. ఎనభై ఎనిమిదేళ్ళు. చేపల బజారులో దుకాణం.

“ఏమయ్యా తక్, ఎవరి పిల్ల ఇది? బ్యాంకులో చేస్తుందా?”

“మీరే మామ్మా.”

“నేనా! మరి నా కనుబొమ్మ మీద గాటేదీ? చేపల పెట్టె మూత తగిలి పడ్డది. పెళ్ళిచూపుల్లో మా ఆయన ముందు చూసింది దాన్నే. ముప్పై ఏళ్ళ కిందట పోయాడు, అక్కడ నాకోసం చూస్తుంటాడు. ఈ బ్యాంకు పిల్లని చూసి ఎవరోలే అని పక్కకి తప్పుకుంటే నా గతేం కాను? గురువారం నాకు గుండె ఆపరేషను. నా మొహం నాకిచ్చెయ్.”

ఇరవై ఏళ్ళుగా ఆమె దగ్గరే చేపలు కొంటున్నాను. ఆ గాటు చూడటం మాత్రం అదే మొదటిసారి.

అప్పటికప్పుడు స్టూడియోకి తీసుకెళ్ళి మళ్ళీ తీశాను. తెర మీదికి రాగానే నా చెయ్యి దానంతటదే గాటు చెరపడానికి పోయింది. “తియ్యి చెయ్యి!” అని మామ్మ ఒక్కటి వేసింది. ఏమీ చెయ్యకుండా నేను అచ్చువేసిన మొట్టమొదటి ఫోటో అదే. పని రానివాడిలా సిగ్గుతో చచ్చిపోయాను. మామ్మ దాన్ని దూరంగా పెట్టి చూసుకుని, “ఇదిగో, దొరికాను” అంది.

ఆపరేషను గట్టెక్కింది కానీ ఆకురాలే కాలంలో ఆమె పోయింది. అంత్యక్రియల భవనం గుమ్మంలో ఏ గదిలో ఎవరున్నారో తెరల మీద ఫోటోలు వేస్తారు. రెండు తెరలు, రెంటిలోనూ అదే దవడ, అదే కోటు. పేరు చదవడం ఫోటోగ్రాఫరుకి నామోషీ కదా. దగ్గరున్న గదిలోకి వెళ్ళి రెండుసార్లు సాష్టాంగపడి, కుమిలి కుమిలి ఏడ్చి, వచ్చినవాళ్ళకి పెట్టే గొడ్డుమాంసం పులుసు తాగి లేచాక తెలిసింది, అది అధ్యక్షులు ప్యో గారి చావని.

“పర్లేదులెండి, పొద్దుట్నించి మీరు నాలుగోవారు” అన్నాడు వాళ్ళబ్బాయి.

పక్క గదికి వెళ్ళాను. పూల మధ్య బ్యాంకు పిల్ల నవ్వుతోంది.

“నేను తీసిన రెండో ఫోటో ఏదమ్మా?” అని మామ్మ కూతుర్ని అడిగాను.

“శవపేటికలో, అమ్మ చేతుల్లో పెట్టామండీ. అలాగే చెయ్యమంది. ‘అది మీ నాన్నకి. వచ్చేవాళ్ళకి బ్యాంకు పిల్ల చాల్లే, వాళ్ళు నా మొహం ఎప్పుడు చూశారు గనక!’ అంది.”

ఇంతవరకూ నన్ను చూసి నవ్విన పాఠక మహాశయులకు ఒక చిన్న విన్నపం. మీ ఇంట్లో పెద్దవాళ్ళ ముఖాన మచ్చ కుడివైపుందో ఎడమవైపుందో, లేచి వెళ్ళి చూడకుండా చెప్పండి. చెప్పలేకపోతే మా స్టూడియోకి దయచేయండి. మీకు సరిపోయే బటను నా దగ్గర సిద్ధంగా ఉంది.