కుడి చివరి సీసా

ఆ రోజు పొద్దున ముక్కు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పాలు కాచుకోవాలి, కాఫీ తాగాలి, గడ్డం గీసుకోవాలి, హోటలుకి వెళ్లి సాయంత్రం లోపల ఒక గ్లాసు రమ్ము కలపాలి. ఆ ఒక్క గ్లాసు మీదే ఆయన ఉద్యోగం నిలబడి ఉంది.

ఆయన ఒక పాత హోటల్లో బారు కౌంటరు వెనక ఉండే మనిషి. రమ్ము సీసా మూత తీసి వాసన చూసి, అది ఎలాంటి చెక్క పీపాలో ఎంతకాలం పడుకుందో చెప్పేవాడు. అందుకే అందరూ ముక్కు మాస్టారు అనేవారు. అందులో ఆయనకు కాగిన చెరకురసం, వానకు తడిసిన కర్ర, పెట్టెలో మరిచిపోయిన ఎండుపండు, అన్నీ విడివిడిగా తెలిసేవి. వచ్చేవాళ్లకు ఆ గొడవ లేదు. "ఏదో ఒకటి పొయ్యండి, తొందరగా" అనేవారు. ఆయన సొంతంగా కనిపెట్టిన పానీయాలు చాలానే ఉన్నాయి. వాటిని ఆయన తప్ప ఇంకెవరూ తాగలేదు.

ఓనరుగారి అక్కయ్య ఆ బారు గదిని పరుపులు దాచుకోవడానికి వాడుకుందామంది. మాస్టారిని దుప్పట్లు ఉతికే గదికి పంపిద్దామంది. దానికి కిటికీ లేదు, రోజంతా సబ్బు ఆవిరి. మాస్టారు బతిమాలితే చివరికి ఒక మాటకు ఒప్పుకుంది. "ఒక్కటి కలిపివ్వమను. బాగుంటే బారు ఉంటుంది. లేకపోతే లేదు."

ఆ ఒక్కదాని కోసం ఆయన నారింజ తొక్కల్ని నిప్పు మీద కమిలించి, లవంగాలతో కలిపి నల్లటి రమ్ములో నానబెట్టాడు. ఎండలు పోయి వానలు పట్టేదాకా నానింది. నిన్ననే వడకట్టి సీసాకెత్తాడు. పేరు మాత్రం ఇంకా కుదరలేదు.

"ఏమండీ! ఇల్లంతా పొగ! గిన్నె పక్కనే కళ్లు మూసుకుని నిలబడి ఏం చేస్తున్నారు?" అంటూ భార్య పరుగెత్తుకొచ్చింది.

"పేరు ఆలోచిస్తున్నా. పాలు పొంగితే వాసన వస్తుందిగా."

"పొంగడం, మాడడం, అడుగంటడం అన్నీ అయిపోయాయి. మీకు వాసనే రాలేదా?"

రాలేదు. మాస్టారు మాడిన గిన్నెలోకి ముక్కు పెట్టి గట్టిగా పీల్చాడు. ఎండిపోయిన బావిలోకి చేద వేసినట్టుంది.

మంచం మీద నుంచి అత్తగారు తల ఎత్తింది. "జలుబు దిగింది అల్లుడుగారూ. ఇవాళ గడప దాటకండి. ఆ ముక్కుతో ఏం కలుపుతారు?"

"దాటకపోతే రేపట్నుంచి దుప్పట్లే అత్తయ్యా."

"అయితే కాసేపు కూర్చోండి. అల్లం, మిరియాలు దంచి కషాయం కాస్తాను."

మాస్టారు కూర్చోలేదు. ఆవిడ రోలు వెతుక్కునేలోపు గొడుగు పట్టుకుని వానలో పడ్డాడు.

బారు గదిలో పగలు కూడా లైటు వెయ్యాలి. ఒక గోడ చెమ్మెక్కి ఉబ్బింది. కౌంటరు వెనక అలమరాలో సీసాలు వరసగా ఉంటాయి గానీ వాటిలో రమ్ము ఉండదు, పాలు కలపని టీ ఉంటుంది. వాన లేని రోజుల్లో సాయంత్రం ఎండ తిన్నగా ఆ అలమరా మీద పడుతుంది. రమ్మును ఎండలో పెట్టడానికి మాస్టారికి ప్రాణం ఒప్పక, అసలు సరుకంతా కింద బీరువాలో చీకట్లో దాచి, పైన టీ నింపిపెట్టాడు. ఎండ ముందుగా తగిలేది ఎడమ చివరి సీసాకే గనుక, రోజూ దాన్ని దించి, పాత టీ వంపేసి, కొత్తది పోస్తాడు. అలమరాలో ఉన్నది టీ అని హోటల్లో అందరికీ తెలుసు, ఎవరూ ముట్టుకోరు. వానల్లో ఎండ భయమూ లేదు. అందుకే వడకట్టిన రమ్మును కూడా అక్కడే, కుడి చివర పెట్టాడు. చీటీ అంటించలేదు. చీటీలు ముక్కు లేనివాళ్లకు అనేవాడు.

అక్కయ్యగారు వస్తోందని ఊడ్చే ఆవిడ పొద్దున్నే సీసాలన్నీ దించి అలమరా తుడిచింది. కుడి నుంచి ఒక్కొక్కటే దించింది, అదే వరసలో ఎడమ నుంచి సర్దింది. అద్దంలా మెరుస్తోందని మురిసిపోయి వెళ్లిపోయింది.

మాస్టారు ఎప్పటిలాగే ఎడమ చివరి సీసా దించి వంటింటి సింకు దగ్గరికి పట్టుకెళ్లాడు. అలవాటు కొద్దీ మూత తీసి ముక్కుకు ఆనించాడు. ఏమీ తెలియలేదు. టీకి ఏం వాసన ఉంటుందిలే అనుకుని మొత్తం వంపేశాడు.

"ఏంటి మాస్టారూ, సింకు ఇవాళ అత్తరు పూసుకుందా? ఘుమఘుమలాడిపోతోంది!" అన్నాడు వంటాయన.

తన ముక్కు సంగతి పసిగట్టి ఆటపట్టిస్తున్నాడని మాస్టారికి చురుక్కుమంది. "వేళాకోళాలకు ఇవాళే దొరికిందా?" అన్నాడు.

వంటాయన అప్పుడు ఆయన మొహం చూశాడు. కళ్లు ఎర్రగా వాచి నీళ్లు కారుతున్నాయి. "అయ్యో, ఏమైంది? ఆ గొంతేంటి?"

నిజం చెప్పేద్దామనుకున్నాడు మాస్టారు. "పొద్దున ఇంట్లో మా అత్తగారు..." అన్నాడు. అంతలో మెట్ల మీద ఓనరుగారి చెప్పుల చప్పుడు వినిపించింది. "తర్వాత చెప్తా. సాయంత్రం దాకా ఎవరితోనూ అనకు. తెలిస్తే ఇవాళ్టి పని ఆపేస్తారు" అని ముక్కు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

వంటాయన మంచివాడు. ఆ రహస్యాన్ని మెట్ల దాకా మోశాడు. అక్కడ ఓనరుగారు ఎదురయ్యేసరికి మొయ్యలేకపోయాడు. "ఎలాంటి మనిషి సార్! ఇంట్లో శవాన్ని పెట్టుకుని డ్యూటీకొచ్చాడు."

మధ్యాహ్నం ఓనరుగారు వచ్చి మాస్టారి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఇన్నేళ్లలో ఎప్పుడూ పడలేదు. "ధైర్యంగా ఉండు. మనం మాత్రం శాశ్వతమా?"

తీర్పు ముందే అయిపోయిందనుకుని మాస్టారు కుంగిపోయాడు. "ఇంత తొందరగా అనుకోలేదు సార్" అన్నాడు. ఓనరుగారు కళ్లు ఒత్తుకున్నాడు.

సాయంత్రానికి అక్కయ్యగారు వచ్చి కూర్చుంది. ఆవిడకూ చెప్పినట్టున్నారు, గొంతు తగ్గించి మాట్లాడింది. "నేను జన్మలో రమ్ము ముట్టలేదు. తమ్ముడు మింగుతాడు, నేను చూస్తానులే అనుకున్నాను. కానీ ఇలాంటి రోజున కూడా పని మానని మనిషివి. మర్యాద కోసం ఒక్క గుక్క."

మాస్టారు కుడి చివరి సీసా దించాడు. మాడ్చిన పంచదార పాకం పోశాడు, నారింజ పిండాడు, సీసాలోది కొలిచి వేశాడు, ఐసుతో గిలక్కొట్టాడు. ఇంకే రోజైనా అయితే ఈ పాటికి గది నిండా వాసన లేచేది. ఇవాళ గ్లాసు ఆయన ముందు ఫొటోలా ఉంది. నాలుకకూ ఏమీ తెలియలేదు. ఆవిడ మొహమే చూస్తూ నిలబడ్డాడు.

ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది. "గొంతు మండుతుందన్నారే?"

"మంచి రమ్ము మండదమ్మా."

"తల తిరగడం లేదే?"

"అది కలిపే చేతిని బట్టి ఉంటుందమ్మా" అన్నాడు మాస్టారు. ఆ రోజు మొత్తం మీద ఆయన వెన్ను నిటారుగా నిలబడింది అప్పుడే.

ఆవిడ గ్లాసు ఖాళీ చేసి మరొకటి అడిగింది. అదీ అయ్యాక, "బారు ఉంటుంది. దీని పేరేంటి?" అంది.

"ఇంకా పెట్టలేదమ్మా."

"'అత్తగారి జ్ఞాపకం' అని పెట్టు. ఆవిడ ఆత్మ సంతోషిస్తుంది."

మాస్టారికి అర్థం కాలేదు. బారు దక్కిన వేళ పేరు కోసం పేచీ ఎందుకని తల ఊపాడు. ఓనరుగారు అక్కడికక్కడే బోర్డులు రాసేవాడికి ఫోను చేసి చెప్పేశాడు.

సరిగ్గా అప్పుడు తలుపు తెరుచుకుంది. ముందు తడిసిన గొడుగు వచ్చింది, దాని వెనక ఫ్లాస్కు, ఆ వెనక అత్తగారు. "అల్లుడుగారూ! కషాయం తాగకుండా పారిపోయొస్తారా? చిన్నపిల్లాడా మీరు?"

"ఎవరీవిడ?" అంది అక్కయ్యగారు.

"మా అత్తగారమ్మా."

అక్కయ్యగారు మాస్టారి వైపు తిరిగింది.

"ఎంతమంది అత్తగార్లయ్యా నీకు?"

"ఒక్కరేనమ్మా."

"మరి పొద్దున పోయిందెవరు?" అన్నాడు వంటాయన నీరసంగా.

"ఎవరూ పోలేదు. జలుబు చేసి ముక్కు పోయింది" అన్నాడు మాస్టారు.

"నన్ను చంపిందెవరయ్యా?" అని అత్తగారు అందరి మొహాలూ చూసింది. వంటాయన పైకప్పు చూశాడు. ఆవిడ ఇంకేమీ అడగకుండా కషాయం వంచి అల్లుడి చేతికిచ్చింది. "ముందు ఇది మింగండి."

మాస్టారు మింగాడు. చెవుల్లోంచి ఆవిరి పోయినట్టయింది. తలలో ఏదో తలుపు కిర్రుమని తెరుచుకుంది. మొదట గోడ చెమ్మ వాసన వచ్చింది. తర్వాత తడిసిన గొడుగు. తర్వాత అక్కయ్యగారి గ్లాసులోంచి పంచదార, నారింజ, టీ.

టీ!

వంటింట్లోకి పరుగెత్తి సింకు మీదకు వంగాడు. గొట్టం లోపల, ఎక్కడో దూరం నుంచి, లవంగం, కమిలిన తొక్క, పాత చెక్క. ఎండలూ వానలూ కలిసిన వాసన. అది పల్చబడేదాకా అలాగే నిలబడ్డాడు. ఈసారి కళ్లనీళ్లకు జలుబుతో సంబంధం లేదు.

తిరిగి వచ్చి కౌంటరు మీద రెండు చేతులూ ఆనించాడు. చెప్పకపోతే బారు ఉంటుంది. కానీ ఆ మెచ్చుకోలు తన రమ్ముకు చెందలేదు. "అమ్మా, మీరు తాగింది టీ. అందులో రమ్ము చుక్క కూడా లేదు. అసలుది నేనే పొద్దున సింకులో పోశాను" అన్నాడు.

ఓనరుగారి మొహం పాలిపోయింది. అక్కయ్యగారు ఖాళీ గ్లాసు ఎత్తి వంచి చూసింది. "అంటే ఇంత బాగున్నది రమ్ము లేకుండానేనా?"

"అవునమ్మా."

"మరి రమ్ము కొనడం దేనికిరా తమ్ముడూ?"

మర్నాడు బీరువాలో రమ్మంతా కొట్టువాడికి వాపసు వెళ్లింది. ఆ చోట పరుపులు పెట్టారు. మాస్టారి ఉద్యోగం ఉంది, కౌంటరు ఉంది, ఇప్పుడు జనం కూడా ఉన్నారు. అందరూ ఒకే పానీయం అడుగుతారు. ఆయన రోజూ పొద్దున పెద్ద గిన్నెతో టీ కాస్తాడు, ముక్కు బాగానే పనిచేస్తోంది. బోర్డు అప్పటికే రాసేశారు గనుక పేరు మార్చలేదు.

అత్తగారు రోజూ సాయంత్రం వచ్చి, తన జ్ఞాపకం ఒక గ్లాసు తాగి వెళుతుంది.