తార్నాక కన్వెన్షన్

ఆ సోమవారం పొద్దున శాంతికుమార్ పెట్టుకున్న పనులు మూడే. యూనివర్సిటీలో తమ ఫిజిక్స్ డిపార్ట్‌మెంటు సెమినార్ హాలుకు అనుమతి సంపాదించడం, తార్నాకలో ప్రెస్సుకు వెళ్లి పాతిక ఆహ్వాన కార్డులు అచ్చుకివ్వడం, పై వారం శనివారానికి సమోసాలు పురమాయించడం. మధ్యాహ్నం భోజనం వేళకు తెమిలిపోవలసిన వ్యవహారం. అలా అనుకున్నాడు పాపం.

శాంతికుమార్ ఫిజిక్స్ చెప్పేది జీతం కోసం. బతికేది మాత్రం సైన్స్ ఫిక్షన్ కోసం. 'నింగిదారి' అని ఒక సైక్లోస్టైల్ పత్రిక నడుపుతాడు. అందులో కథలు రాసేదీ ఆయనే, వాటిని సంపాదకీయంలో మెచ్చుకునేదీ ఆయనే, తపాలా బిళ్లలు అంటించేదీ ఆయనే. చదివేవాళ్లు ఓ పదిమంది ఉంటారు. వరంగల్‌లో ఒకరు, తెనాలిలో ఒకరు, ఒంగోలులో ఒకరు, ఇలా చెట్టుకొకరు పుట్టకొకరు. ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు. స్టాఫ్ రూములో వేరే గ్రహాల మాటెత్తితే చాలు, పక్క లెక్చరరు తన కూతురి జాతకం తీసి ఇచ్చేవాడు. నలభై అయిదేళ్లు వచ్చినా, తను చదివినవి చదివిన మనిషి ఎదురుగా కూర్చుని ఒక్క సాయంత్రం మాట్లాడుకున్న పాపాన పోలేదు. జీవితంలో ఆయనకున్న కొరతల్లా అదే.

ఆదివారం నాడు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన ఓ పాత ఇంగ్లిష్ పత్రిక ఆ కొరతను కెలికింది. 1937లో ఇంగ్లండులోని లీడ్స్ అనే ఊళ్లో, జనవరి చలిలో, సైన్స్ ఫిక్షన్ అభిమానులు పట్టుమని ఇరవైమంది కూడా లేకుండా ఒక హాల్లో పోగై, చేసుకున్న నాలుగు కబుర్లకే 'కన్వెన్షన్' అని పేరు పెట్టుకున్నారట. ఆ పేరు అలాగే నిలిచిపోయిందట. ఇరవైమంది లేకుండా చరిత్రలోకి ఎక్కవచ్చునని చదివి శాంతికుమార్‌కు ప్రాణం లేచొచ్చింది. దాన్ని సదస్సు అనవచ్చు, గోష్ఠి అనవచ్చు, ఏమీ అనకుండా టీ తాగి చక్కా పోవచ్చు. అబ్బే, లీడ్స్ వాళ్లు కన్వెన్షన్ అన్నారు కనుక ఈయనకూ కన్వెన్షనే కావాలి.

"ఏవండీ, పొద్దున్నే ఎక్కడికి?" అంది ఎస్తేరు పెసరట్టు తిరగేస్తూ. ఆవిడ తార్నాకలోనే బడి పంతులమ్మ.

"పై వారం శనివారం కన్వెన్షన్ పెడుతున్నాం. ఆ పనిమీదే."

అట్లకాడ గాల్లో ఆగింది. "కన్వెన్షనా? మీరా?"

"నేనే. క్యాంపస్‌లో."

"ప్రసంగం ఎవరిదండీ?"

"అదీ నాదే. 'రాబోయే లోకం' మీద."

ఎస్తేరు స్టవ్వు ఆపేసి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

శాంతికుమార్‌కు అప్పుడు వెలిగింది. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన తమ క్రైస్తవ ఇళ్లలో కన్వెన్షన్ అంటే సువార్త సభ అని ఒకటే అర్థం: షామియానా, మైకులు, పాటలు, దైవజనుల ప్రసంగాలు. పెళ్లయిన కొత్తలో చర్చికి పక్కన నడిచి వచ్చిన మొగుడు, పదేళ్లుగా క్రిస్మస్‌కు తప్ప గడప తొక్కడం లేదు. ఆవిడ ఏనాడూ సాధించలేదు. రోజూ ప్రార్థనలో ఆయన పేరు చెప్పి కాసేపు ఆగుతుంది, అంతే. ఆ ఆగడం ఆయనకు వినబడుతూనే ఉండేది.

"ఎస్తేరూ, అది ఏమిటంటే..."

"మీరేం చెప్పొద్దు. ముందు తినండి," అని ఆవిడ ఇంకో పెసరట్టు వేసి, నెయ్యి కూడా వేసింది. మొగుడివైపు చాలా ఏళ్లకు ఇష్టంగా చూసింది. ఆ చూపు ముందు శాంతికుమార్ పిరికివాడైపోయాడు. సాయంత్రం చెబుదాంలే అనుకున్నాడు. సాయంత్రం ఆవిడ గుత్తివంకాయ వండింది.

డిపార్ట్‌మెంటు హెడ్డు వెంకటసుబ్బారావు దరఖాస్తును చేతికి అంటనివ్వకుండా చదివాడు. "సైన్స్ అయితే ఫిక్షనేమిటయ్యా? ఫిక్షనైతే మనకెందుకయ్యా?"

"రెండూ కలిసి ఉంటాయండీ."

"కలపమని ఎవరన్నారు?" అని విసుక్కుంటూనే సంతకం పెట్టాడు.

హాలు తాళాలు అటెండర్ రాజలింగు దగ్గర ఉంటాయి. అతను కాగితం చూసి, "ఎంతమంది వస్తరు సార్?" అని అడిగాడు.

"పదిమంది దాకా."

"గా పదిమందికి హాలెందుకు సార్? వెనక నా రూమ్‌ల కూసోండ్రి. కుర్చీలు గూడ ఉన్నయి."

శాంతికుమార్‌కు పౌరుషం వచ్చింది. లీడ్స్‌లో హాలే తీసుకున్నారు. అటెండర్ గదిలో చరిత్ర జరుగుతుందా ఎక్కడన్నా?

కార్డులు అచ్చయ్యాక, ప్రెస్సు తన బడి పక్కనే కదా అని ఎస్తేరే తెచ్చింది. తెచ్చినావిడ తిన్నగా ఇంటికి రాలేదు. ముందు పాస్టరు సైమన్ గారికి చూపించింది. కార్డు మీద 'సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్' అని ఉంది. కింద 'రాబోయే లోకం', దాని కింద శాంతికుమార్ పేరు.

"సైన్స్ ఫిక్షన్ అంటే ఏంటమ్మా?" అన్నారాయన.

"నాకేం తెలుసు అయ్యగారూ. ఆయన ఫిజిక్స్ కదండీ, ఏదో పెట్టుంటారు."

సైమన్ గారు కార్డును దూరంగా పట్టుకుని చదివారు. దగ్గరగా పట్టుకుని చదివారు. చివరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "సైన్స్, ఫిక్షన్! అర్థమైందమ్మా! సైన్సంతా కట్టుకథ అంటున్నాడు! యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పే మనిషి, ఆ యూనివర్సిటీలోనే నిలబడి సాక్ష్యం చెప్పబోతున్నాడు! ఎంత ధైర్యం కావాలమ్మా దీనికి!"

ఆదివారం ఆరాధనలో ఈ కబురు ప్రకటించారు. అదే పూట బౌద్ధనగర్‌లోనూ, అంబర్‌పేట్‌లోనూ తెలిసినవాళ్లు తమతమ చర్చిల్లో చెప్పారు. లాలాగూడ రైల్వే క్వార్టర్స్ కుర్రాళ్లు చందాలేసుకుని మరీ పోస్టర్లు కొట్టించారు: 'మహా సువార్త కన్వెన్షన్! సైన్స్ కట్టుకథ! ఫిజిక్స్ పండితుని సాక్ష్యం!' వాటిని తార్నాక చౌరస్తా నుంచి క్యాంపస్ దాకా ఖాళీ గోడ లేకుండా అంటించారు. ఫిజిక్స్ డిపార్ట్‌మెంటు గోడ కూడా ఖాళీగానే ఉండటం శాంతికుమార్ ఖర్మ.

"నా గోడమీదే సైన్స్ కట్టుకథ అని అంటిస్తావా?" అని వెంకటసుబ్బారావు పోస్టరు చింపి బల్లమీద పడేశాడు. "మరి ఇన్నేళ్లూ పిల్లలకు నువ్వు చెప్పిందేమిటయ్యా?"

"పొరపాటు జరిగిందండీ..."

"పొరపాటు నీది కాదు. నిన్ను సెలెక్ట్ చేసిన కమిటీది. హాలు లేదు, ఏమీ లేదు. పో!"

నిజం చెప్పాలంటే శాంతికుమార్‌కు లోలోపల కాస్త హాయిగానే అనిపించింది. హాలు లేకపోతే సభ లేదు. సభ లేకపోతే అబద్ధం లేదు. వచ్చే పదిమందినీ ఏ ఇరానీ హోటల్లోనో కూర్చోబెట్టుకోవచ్చు. ఆ ఊపులోనే సైమన్ గారింటికి వెళ్లాడు. అక్కడ ఎస్తేరు ముందే ఉంది.

"హాలు పోయిందండీ అయ్యగారూ," అన్నాడు వీలైనంత విచారంగా.

"తెలుసు బాబూ. శోధన! సభ ఆపాలని సాతాను చూస్తున్నాడు. అందుకే తార్నాకలో ఖాళీ మైదానం మాట్లాడేశాం. షామియానా వాళ్లకు కబురు కూడా వెళ్లింది."

"అసలు నేను అనుకున్నది ఇది కాదండీ. నేను ప్రసంగాలు చేసేవాణ్ణి కాను..."

"మీ తగ్గింపు, మీ వినయం మాకు తెలీదా?" అని సైమన్ గారు ఆయన భుజం తట్టారు.

"పదేళ్లండీ," అంది ఎస్తేరు. ఇంకో మాట అనుంటే శాంతికుమార్ బదులు చెప్పగలిగేవాడేమో.

కార్డులు అప్పటికే పోస్టులో వెళ్లిపోయాయి, పరవూళ్లవాళ్లకు ఉత్తరాలు రాసి ఆపే వ్యవధి లేదు. అందుకని రాజలింగును పట్టుకున్నాడు. "శనివారం మధ్యాహ్నం నాకోసం కొందరు వస్తారు. కూర్చోబెట్టు. సమోసాలు వస్తాయి, పెట్టు. సాయంత్రానికల్లా నేను వచ్చేస్తా. ఎవర్నీ పోనివ్వకు."

"మీరు రాంగ రాండ్రి సార్, నేను జూస్కుంట," అన్నాడు రాజలింగు. అన్నమాట ప్రకారం చూసుకున్నాడు కూడా, ఆ సంగతి తర్వాత.

శనివారం పొద్దున్నే శాంతికుమార్‌ను సైమన్ గారింట్లో ఉపవాస ప్రార్థనకు కూర్చోబెట్టారు. ప్రసంగీకుడు తిండీ తిప్పలూ లేకుండా ప్రార్థనలో ఉండాలట. మధ్యాహ్నమైంది. అక్కడ క్యాంపస్‌లో తనవాళ్లు బస్సులు దిగుతూ ఉంటారు, తన సమోసాలు తింటూ ఉంటారు. ఇక్కడ తను ఖాళీ కడుపుతో కళ్లు మూసుకుని వాళ్ల మొహాలు ఊహించుకుంటున్నాడు. గంట గంటకూ లేచి పారిపోదామనుకోవడం, తలుపు దగ్గర కూర్చున్న ఎస్తేరును చూసి మళ్లీ కళ్లు మూసుకోవడం. ఎంత నిష్ఠ అని చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

నాలుగింటికి మైదానానికి తీసుకెళ్లారు. షామియానా చాలక జనం ఎండలో నిలబడ్డారు. లీడ్స్ వాళ్లు వందేళ్లు కూడినా అంతమంది కారు. శాంతికుమార్ మైకు ముందుకు వచ్చి జేబులోంచి కాగితాలు తీశాడు. ఆయన దగ్గర ఉన్న ప్రసంగం ఒకటే, క్యాంపస్ కోసం రాసుకున్నది. సరే, ఇదైనా ఒకసారి పైకి చదువుదాం, ఎవరో ఒకరు వింటారు అనుకున్నాడు.

"రాబోయే లోకంలో రోగం ఉండదు."

"ఆమేన్!" అంది మైదానం.

"మనుషులు భూమిని విడిచి ఆకాశంలోకి వెళతారు. అక్కడ వాళ్లకు బరువు ఉండదు."

"హల్లెలూయా!"

ముందు వరసలో ముసలమ్మలు ఏడుస్తున్నారు. తన రాతకు ఎవరైనా ఏడవాలని శాంతికుమార్ ఇరవై ఏళ్లుగా కోరుకున్నాడు. ఇలా మాత్రం కాదు. ఇక లాభం లేదు, నిజం చెప్పేసి దిగిపోదామని కాగితాలు మడిచాడు.

"నన్ను క్షమించండి. ఇదంతా కల్పన. నేను చెప్పిందంతా వట్టి కథ."

సైమన్ గారు రెండో మైకు అందుకున్నారు. "విన్నారా? సైన్స్ పండితుడే ఒప్పుకుంటున్నాడు! తను ఇన్నాళ్లూ చెప్పిందంతా కల్పనట! వట్టి కథట!"

మైదానం మారుమోగిపోయింది. ఆ హోరులో శాంతికుమార్‌కు షామియానా చివర నిలబడ్డ ఇద్దరు కనిపించారు. ఒకమ్మాయి, పక్కన ఒక పెద్దాయన. అమ్మాయి చేతిలో 'నింగిదారి'. నీలం సిరా అట్ట, తను చేత్తో గీసిన రాకెట్టు బొమ్మ. ప్రతి కథకూ నాలుగేసి పేజీల ఉత్తరం రాసే వరంగల్ పద్మశ్రీ కాబోలు. ఆ అమ్మాయి శాంతికుమార్‌వైపు చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు. పత్రికను మడిచి సంచిలో పెట్టుకుని వెనుదిరిగింది.

"నింగిదారి!" అని అరిచాడు శాంతికుమార్, మైకు నోటి ముందే ఉందని మరిచి. "నింగిదారి! ఆగండి!"

"ఆమేన్! నింగిదారి!" అని అందుకుంది జనం. పాటలు పాడే బృందం అప్పటికప్పుడు బాణీ కట్టేసింది. దిగి పరుగెత్తబోయిన శాంతికుమార్ నెత్తిమీద సైమన్ గారు చెయ్యివేసి ప్రార్థన మొదలుపెట్టారు. అది చాలా దీర్ఘమైన ప్రార్థన.

వదిలాక ఎస్తేరు ఎదురొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "వచ్చే ఏడు మూడు రోజులు పెడదామంటున్నారండీ అయ్యగారు. మూడు రోజులూ మీరే." ఆవిడ మొహం చూస్తే ఇక జన్మలో నిజం చెప్పలేనని ఆయనకు తెలిసిపోయింది. ఇప్పుడే వస్తానని చెప్పి ఆటో ఎక్కాడు.

క్యాంపస్‌లో లైట్లు అప్పుడే వెలుగుతున్నాయి. డిపార్ట్‌మెంటు వెనక కొళాయి దగ్గర రాజలింగు టీ గ్లాసులు కడుగుతున్నాడు. గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల కుర్చీలన్నీ గుండ్రంగా వేసి ఉన్నాయి.

"వచ్చారా?"

"అందరొచ్చిన్రు సార్. హాల్ తెర్వొద్దని హెడ్‌సార్ చెప్పిండు, నా రూమ్‌ల కూసోబెట్టిన. ఏం మాట్లాడిన్రు సార్! ఒకలు మొదలువెడితే ఇంకొకలు గుంజుకునుడు. చుక్కలంట, మిషన్లంట, నవ్వుడే నవ్వుడు. ఒంగోలు నుంచి వచ్చినాయనైతే ఏడ్చిండు."

"ఏడ్చాడా? ఎందుకు?"

"ఇన్నేండ్లకు మనోళ్లు దొరికిన్రని."

శాంతికుమార్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. "నా కోసం అడగలేదా?"

"అడగకేం సార్, మస్తు అడిగిన్రు. ఇద్దరు తార్నాక పోయి చూసొచ్చిన్రు. వచ్చినంక మల్ల అడగలే." రాజలింగు గ్లాసులు బోర్లించాడు. "తెలుగుల మొదటి కన్వెన్షన్ గిదేనని తీర్మానం రాసుకున్నరు. అధ్యక్షుడు కావాల్నంటే పెద్దమనిషి ఎవరున్నరని నన్నే కూసోబెట్టిన్రు. సైన్స్ అబద్ధమన్నాయన పేరు మనకెందుకని, మీ పేరు తీసేద్దామని చేతులెత్తిన్రు."

"నువ్వూ ఎత్తావా?"

"అధ్యక్షున్ని గద సార్, ఎత్తకుంటె ఎట్ల?"

పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్లు ముట్టని శాంతికుమార్ బల్లమీద సమోసాల పళ్లెం వైపు చూశాడు. నూనె మరకలు తప్ప ఏమీ లేవు. మెల్లిగా వెళ్లి ఒక కుర్చీలో కూర్చున్నాడు. పక్క కుర్చీ మీద చెయ్యివేశాడు. దాని ఎదురుగా ఇంకోటి, ఆ పక్కన ఇంకోటి. ఇక్కడే కూర్చున్నారన్నమాట. చాలా దగ్గర దగ్గరగా కూర్చున్నారు. ఏ కథ గురించి నవ్వారో, ఏ కథ దగ్గర కొట్లాడుకున్నారో రాజలింగును అడిగితే చెప్పలేడు. ఇక చెప్పగలిగేవాళ్లు ఎవరూ ఆయనతో మాట్లాడరు.

ఆయన మొహం చూసి రాజలింగుకు జాలేసింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి ఓదార్చాడు.

"మీరు రాకపోవుడే మంచిగైంది సార్, ఇంకో కుర్చీ లేకుండె."